సోనిక్స్ మళ్లీ స్టేజీ ఎక్కినప్పుడు

అందరికీ నమస్కారం. నాకిచ్చిన టాపిక్ గ్యారేజ్ రాక్, అంటే 1960ల్లో ఊరి కుర్రాళ్లు ఇంటి గ్యారేజ్‌లో సాధన చేసి వాయించిన మోటు రాక్ సంగీతం. అది చాలా పెద్ద టాపిక్, ఒక సాయంత్రంలో తెమిలేది కాదు, అందుకని ఒక్క బ్యాండ్‌నే పట్టుకుంటాను, అందులోనూ ఒక్క విషయమే మాట్లాడతాను: ఆ బ్యాండ్‌ని మర్చిపోని జనం గురించి.

బ్యాండ్ పేరు ది సోనిక్స్. ఊరు టకోమా. అమెరికా వాయవ్య మూల వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కి దక్షిణంగా ఉన్న రేవు పట్టణం. పక్కనే మెకార్డ్ వైమానిక స్థావరం ఉంది. జెట్ విమానం శబ్ద వేగాన్ని దాటినప్పుడు ఆకాశం బద్దలైనట్టు వినిపించే ఆ మోత ఉంది చూశారూ, సోనిక్ బూమ్, బ్యాండ్ పేరు దాన్నుంచే వచ్చింది. 1960లో హైస్కూల్ కుర్రాళ్లతో మొదలైంది, తర్వాత మనుషులు మారారు, 1963 తర్వాత కుదిరిన అయిదుగురే మనం ఈరోజు సోనిక్స్ అని చెప్పుకునే వాళ్లు. పాటా కీబోర్డూ జెర్రీ రోస్లీ, గిటార్ లారీ పరిపా, బేస్ అతని తోడబుట్టిన ఆండీ, శాక్సోఫోన్ రాబ్ లిండ్, డ్రమ్స్ బాబ్ బెనెట్.

వాళ్ల గొడవలు, సంతకాలు పెట్టిన కాంట్రాక్టులు, ఎవరు ఎప్పుడు మానేశారు, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పెద్దగా వెళ్లను. నాకు ముఖ్యమైన సంగతి, 2008 అక్టోబర్ 31న, హాలోవీన్ రాత్రి, సియాటిల్‌లోని పారమౌంట్ థియేటర్‌లో వీళ్లు మళ్లీ వాయించారు. అంతకు ముందు సియాటిల్‌లో వాళ్లు వాయించింది 1972లో, అదే పారమౌంట్‌లో, అది కూడా ఒక్క రాత్రి కలయికే. లెక్క వేయండి, 36 ఏళ్లు. 1965లో పదహారేళ్ల పిల్లగా వాళ్ల పాటకి డ్యాన్స్ చేసిన అమ్మాయి 2008 నాటికి అరవైకి దగ్గర పడి ఉంటుంది. ఆ వయసు మనుషులు, వాళ్ల పిల్లల వయసు మనుషులు, ఆ పిల్లల కంటే చిన్నవాళ్లు కూడా, ఒకే పాట కోసం ఒకే హాల్లో నిలబడటం మామూలు విషయం కాదు. ఎందుకు నిలబడ్డారు అన్నదే నా ప్రశ్న.

చాలామంది చెప్పే జవాబు పాత జ్ఞాపకాల మీద మమకారం అని. నాకు ఆ జవాబు చాలదు. మమకారమే అయితే ఇంట్లో కూర్చుని రికార్డు పెట్టుకోవచ్చు. వాళ్లు అంత దూరం వచ్చింది ఆ సంగీతంలో తమ వాటా ఉంది కాబట్టి. ఇది ఊరికే మాట కోసం అనడం లేదు, నిజంగానే వాటా ఉంది, అదెలాగో చెప్పాలంటే 1960ల మొదట్లో ఆ ప్రాంతంలో సాయంత్రాలు ఎలా గడిచేవో చెప్పాలి.

అప్పట్లో అక్కడ కుర్రకారుకి సంగీతమంటే కచేరీ కాదు, డ్యాన్స్. కుర్చీల్లో కూర్చుని వినేది కాదు. సైనిక దళాల కవాతు హాళ్లు, రోలర్ స్కేటింగ్ రింకులు, స్కూలు జిమ్‌లు, పాత బాల్‌రూమ్‌లు, శుక్ర శనివారాలు వచ్చాయంటే వీటన్నిట్లో టీనేజ్ డ్యాన్సులే. అన్నిటికంటే పేరు మోసింది స్పానిష్ కాసిల్, సియాటిల్‌కీ టకోమాకీ మధ్య హైవే 99 పక్కన ఉండేది. గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ సియాటిల్ కుర్రాడే కదా, ఆయన 1967లో చేసిన ఒక పాట పేరులో ఈ హాలే ఉంది. ఇంగ్లండ్ వెళ్లి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మనిషి కూడా ఆ హాలుని మర్చిపోలేదు. తర్వాత దాన్ని కూల్చేశారు. ఇప్పుడక్కడికి వెళితే చూడటానికి ఏమీ లేదు. ఆ హాలు గురించి తెలుసుకోవాలంటే అందులో డ్యాన్స్ చేసినవాళ్లని అడగాలి, వేరే దారి లేదు.

ఈ డ్యాన్సుల వెనక రేడియో ఉండేది. సియాటిల్ స్టేషన్ కేజేఆర్‌లో పాట్ ఓడే అనే డీజే పగలు పాటలు వేసేవాడు, ఆ ప్రాంతమంతటా డ్యాన్సులు కూడా ఆయనే పెట్టించేవాడు. రేడియో, డ్యాన్స్ హాలు, రికార్డుల షాపు, ఈ మూడూ ఒకే కుర్రాళ్ల చుట్టూ తిరిగేవి. అందుకే ఒక ఊరి బ్యాండ్ దేశమంతా తెలియకపోయినా తన ప్రాంతంలో స్టార్ అయ్యేది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది తరచూ వదిలేస్తారు. 1964 ఫిబ్రవరి 9న ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ టీవీలో ఎడ్ సలివన్ షోలో కనిపించారు, సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు, ఆ తర్వాతే అమెరికాలో ఇంటింటి గ్యారేజ్‌లో బ్యాండ్ పుట్టిందని అంటారు. చాలా ఊళ్లకి అది నిజం. వాయవ్యానికి కాదు. టకోమాలోనే ది వైలర్స్ అనే బ్యాండ్ 1959లోనే మాటల్లేని వాయిద్యపు పాటతో దేశం మొత్తం మీద హిట్ పాటల జాబితాలో టాప్ 40లోకి వెళ్లింది. ఈ కుర్రాళ్లు లండన్ నుంచి నేర్చుకోలేదు. సియాటిల్ క్లబ్బుల్లో వాయించిన నల్లజాతి సంగీతకారుల నుంచి, ముఖ్యంగా ఆర్గాన్ వాయించిన డేవ్ లూయిస్ లాంటి వాళ్ల నుంచి, రాకెన్‌రోల్ గాయకుడు లిటిల్ రిచర్డ్ రికార్డుల నుంచి నేర్చుకున్నారు. శాక్సోఫోన్ ఉండటం, ఆర్గాన్ ఉండటం, గొంతు చించుకుని పాడటం, ఇవన్నీ అక్కణ్ణించి వచ్చినవే. ఆ బాకీ గురించి చెప్పకుండా సోనిక్స్‌ని మెచ్చుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

సరే, వాటా సంగతికి వస్తాను. డ్యాన్స్ హాల్లో బ్యాండ్ ముందున్నది శ్రోతలు కాదు, చెమటలు కక్కుతూ గెంతుతున్న వందలమంది. హాలు పెద్దది, సౌండ్ సిస్టమ్ చిన్నది. పాట నచ్చకపోతే చప్పట్లు ఆగడం కాదు, నేల ఖాళీ అవుతుంది, అది స్టేజీ మీద నుంచి కళ్లకి కనిపిస్తుంది. నేల నిండాలంటే డ్రమ్ గట్టిగా పడాలి, తాళం తేలిగ్గా అందాలి, గిటార్ గోడ దాకా వినపడాలి. మన పద్యనాటకాల్లో జనం వన్స్ మోర్ అంటే నటుడు అదే పద్యాన్ని ఇంకో రాగాలాపనతో మళ్లీ అందుకునేవాడు, పద్యం ఎంతసేపు సాగాలో ప్రేక్షకుడే తేల్చేవాడు. ఇక్కడా అంతే. ఏ పాట ఉండాలి, ఎంత సాగాలి, ఎంత వేగంగా పోవాలి అన్నది వారం వారం ఆ పిల్లల కాళ్లు తేల్చాయి. అలా తేలాకే పాట రికార్డింగ్‌కి వెళ్లింది.

అలా తేలిన పాటల్లో అందరికీ తెలిసింది లూయీ లూయీ. దాన్ని రాసింది లాస్ ఏంజిలిస్ గాయకుడు రిచర్డ్ బెరీ, రికార్డు వచ్చింది 1957లో. దేశంలో మిగతా చోట్ల దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు కానీ వాయవ్యంలో డ్యాన్స్ బ్యాండ్లు దాన్ని వదల్లేదు. 1961లో వైలర్స్ తమ సొంత లేబుల్, అంటే రికార్డుల కంపెనీ, ఎటికెట్ మీద వేశారు, 1963లో పోర్ట్‌లండ్‌లో కింగ్స్‌మెన్ రికార్డు చేశారు, ఆ రోజుల్లోనే అదే ఊళ్లో పాల్ రివియర్ అండ్ ద రైడర్స్ కూడా చేశారు. కింగ్స్‌మెన్ పాడింది దేశంలో 2వ స్థానం దాకా వెళ్లింది. అందులో గిటార్ సోలో అయ్యాక గాయకుడు జాక్ ఈలీ ఒక్క క్షణం ముందే అందుకుంటాడు, ఆగిపోతాడు, డ్రమ్మర్ ఒక దరువు వేసి సర్దేస్తాడు. దాన్ని దిద్దలేదు, అలాగే వదిలేశారు. ఇప్పటికీ చాలా బ్యాండ్లు ఆ తొందరపాటుని కూడా పాటలో భాగంగానే వాయిస్తాయి. మాటలు సరిగా వినపడటం లేదు, ఏదో బూతు ఉందని ఎఫ్‌బీఐ కూడా విచారించి, ఏ వేగంతో తిప్పి విన్నా అర్థం కావడం లేదని తేల్చింది. డ్యాన్స్ చేసిన పిల్లలకి మాటలతో పనే లేదు.

ఇప్పుడు సోనిక్స్. వైలర్స్‌లో బేస్ వాయించిన బక్ ఆర్మ్స్‌బీ వీళ్లని విని ఎటికెట్‌కి తీసుకొచ్చాడు. అంటే ఊళ్లో పెద్ద బ్యాండ్ చిన్న బ్యాండ్‌కి చేయూతనిచ్చింది, బయటినుంచి కంపెనీ ఏదీ రాలేదు. 1964 చివర్లో మొదటి 45 రికార్డు, అంటే ఒక్కో పక్క ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు, వచ్చింది, ఒక మంత్రగత్తె లాంటి అమ్మాయి ఊళ్లోకి వచ్చింది, జాగ్రత్త అని హెచ్చరించే పాట. 1965లో మొదటి ఆల్బమ్, సియాటిల్‌లో కెర్నీ బార్టన్ స్టూడియోలో, రెండే రెండు ట్రాకుల మెషీన్ మీద, డ్రమ్స్ మొత్తానికి ఒకే ఒక్క మైకు పెట్టి. ఈ ఒక్క మైకు గురించి రికార్డింగ్ ఇంజినీర్లు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. నిర్వాణా బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ ఆ డ్రమ్స్ సౌండ్‌ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. 1966లో రెండో ఆల్బమ్‌కి టకోమాలోనే ఒక స్టూడియోకి వెళ్లారు, అక్కడ చప్పుడు ప్రతిధ్వనించకుండా గోడలకి గుడ్ల అట్టలు అంటించి ఉంటే, సౌండ్ చచ్చిపోతోందని వాటిని పీకేశారు. నా ఉద్దేశంలో ఆ అట్టలు పీకిన రోజు వాళ్లు కోరుకున్నది స్టూడియోని డ్యాన్స్ హాలుగా మార్చడమే. ఆ పాటల్లో వినిపించేది గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే చప్పుడు. జనంతో నిండిన హాలు ఎలా ఉంటుందో అలాగే.

రోస్లీ గొంతు గురించి ఒక మాట. అది పాట అంటే కొందరు ఒప్పుకోరు. అరుపు అది. కానీ ఆ అరుపు సరిగ్గా తాళంలో, సరిగ్గా శ్రుతిలో పడుతుంది, అదే దాని గొప్ప. ఊరికే అరిచేవాళ్లు చాలామంది ఉన్నారు, తాళం తప్పకుండా అరిచేవాళ్లు తక్కువ.

తర్వాత కథ చాలా ఊళ్ల బ్యాండ్ల కథే. లాస్ ఏంజిలిస్ వెళ్లి మూడో ఆల్బమ్ చేశారు, నునుపుగా, శుభ్రంగా, అది బ్యాండ్‌కే నచ్చలేదు. ఒక్కొక్కరూ బయటికి వెళ్లారు. అప్పుడు అమెరికాలో పద్దెనిమిది దాటిన కుర్రాళ్ల మీద వియత్నాం యుద్ధపు నీడ ఉంది, కాలేజీలో చేరకపోతే సైన్యం పిలుస్తుంది, ఆ టెన్షన్‌లో ఎన్ని ఊళ్లలో ఎన్ని బ్యాండ్లు విడిపోయాయో. రాబ్ లిండ్ నేవీలో పైలట్‌గా వియత్నాం వెళ్లాడు, తిరిగొచ్చాక విమానాలే నడిపాడు. రోస్లీ తారు రోడ్లు వేసే వ్యాపారం పెట్టుకున్నాడు. లారీ పరిపా ఇన్సూరెన్స్‌లోకి వెళ్లాడు. రాక్ స్టార్లుగా బతికినవాళ్లు కాదు వీళ్లు. పొద్దున్నే లేచి పనికి వెళ్లిన మనుషులు.

వాళ్లు పనిలో పడి పాటల్ని పక్కన పెట్టేశారు. జనం పెట్టలేదు. చూడండి ఎలా జరిగిందో. 1972లో లెనీ కే అనే రికార్డుల పిచ్చోడు, ఆ తర్వాత గాయని ప్యాటీ స్మిత్ పక్కన గిటార్ వాయించింది ఆయనే, 1960ల ఊరి బ్యాండ్ల పాటలు ఏరి నగెట్స్ అని రెండు రికార్డుల సంకలనం తెచ్చాడు, ఎలెక్ట్రా కంపెనీ వేసింది. అందులో 27 పాటలున్నాయి. సోనిక్స్ పాట లేదు. అయినా ఆ సంకలనం ఒక తలుపు తెరిచింది, ఇలాంటి బ్యాండ్లు ఇంకెన్ని ఉన్నాయో అని కుర్రాళ్లు సెకండ్ హ్యాండ్ రికార్డుల డబ్బాల్లో వెతకడం మొదలుపెట్టారు. ఆ వెతుకులాటలో సోనిక్స్ దొరికారు. 1980లో ది క్రాంప్స్ అనే బ్యాండ్ సోనిక్స్ పాట ఒకటి తమ ఆల్బమ్‌లో పాడింది, విషం తాగడం గురించిన పాట అది. 1990ల చివర్లో న్యూయార్క్‌లో నార్టన్ రికార్డ్స్ అనే చిన్న లేబుల్, అది నడిపినవాళ్లు కూడా అభిమానులే, పాత ఆల్బమ్‌లని మళ్లీ వేసింది. తర్వాత ఒక కారు ప్రకటనలో వాళ్ల పాట వచ్చింది, లక్షలమంది విన్నారు, ఎవరిదో తెలియకుండానే విన్నారు. పెద్ద కంపెనీ ఎవరూ వీళ్లని నిలబెట్టలేదు. చేతి నుంచి చేతికి, టేపు నుంచి టేపుకి, జనమే మోసుకొచ్చారు.

2007 నవంబర్‌లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో కేవ్‌స్టాంప్ అనే గ్యారేజ్ రాక్ ఉత్సవం వాళ్లని మళ్లీ స్టేజీ ఎక్కించింది. మరుసటి ఏడాది లండన్, ఆ తర్వాత ఇంతకుముందు చెప్పిన సియాటిల్. అయిదుగురూ రాలేదు. రోస్లీ, లారీ, లిండ్ వచ్చారు, బేస్, డ్రమ్స్ మీద వేరేవాళ్లు కూర్చున్నారు, వాళ్లు కూడా వాయవ్యం బ్యాండ్లలో వాయించినవాళ్లే.

ఇక్కడ కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. ఇద్దరు మారిపోతే అది అదే బ్యాండ్ ఎలా అవుతుంది అని. న్యాయమైన ప్రశ్నే. కింగ్స్‌మెన్ చూడండి, లూయీ లూయీ పాడిన జాక్ ఈలీ ఆ పాట హిట్ అయ్యేనాటికే బ్యాండ్‌లో లేడు. పేరు హక్కు డ్రమ్మర్ దగ్గర ఉంది, ఇకమీదట తానే పాడతానన్నాడు, ఈలీ వెళ్లిపోయాడు. దేశమంతా తిరిగి వాయించిన కింగ్స్‌మెన్‌లో ఆ గొంతు లేదు. తర్వాత కోర్టుకెక్కి తేల్చుకున్నారు. చట్టం ప్రకారం బ్యాండ్ అంటే పేరు ఎవరిదైతే వాళ్లు. అభిమానికి అలా కాదు. అభిమాని దృష్టిలో బ్యాండ్ అంటే ఆ చప్పుడు, ఆ రాత్రి, ఆ గది, ఆ పక్కనున్న మనుషులు. స్టేజీ మీద ముగ్గురు పాతవాళ్లుంటే, కింద నేల మీద మూడు వందల మంది పాతవాళ్లుంటే, నా లెక్కలో బ్యాండ్ చాలావరకు వచ్చేసినట్టే.

రీయూనియన్ కచేరీల్లో, అంటే విడిపోయిన బ్యాండ్ మళ్లీ కలిసి వాయించే రాత్రుల్లో, పాత అభిమానులు ఏం మాట్లాడుకుంటారో ఎప్పుడైనా చెవి పెట్టి వినండి, ఏ ఊరి బ్యాండ్ అయినా సరే. ఏ ఆల్బమ్ గొప్పది అని వాళ్లు మాట్లాడుకోరు, అది మనలాంటి తర్వాత వచ్చినవాళ్ల మాట. ఆ రోజు కారు ఎవరు నడిపారు, నాన్నకి ఏం చెప్పి వచ్చారు, స్టేజీకి ఎటు పక్క నిలబడేవారు, చివరి పాట అవగానే చెవుల్లో ఎంతసేపు గుంయ్ మనేది, డ్రమ్మర్ కర్రలు విరిగితే ఎవరు ఏరుకున్నారు. ఇద్దరు ముసలివాళ్లు ఒకే డ్యాన్స్ గురించి పోట్లాడుకుంటారు, అది రింకులోనా, స్కూలు జిమ్‌లోనా అని. ఇంతలో మూడో మనిషి వచ్చి, రెండు చోట్లా జరిగింది, ముందు అక్కడ, తర్వాత ఇక్కడ అంటాడు. చరిత్ర అంటే ఇదే కదా. ఆ డ్యాన్సుల్లో చాలావాటికి రికార్డింగ్ లేదు, ఫోటో లేదు, పేపర్లో రెండు లైన్ల వార్త కూడా లేదు. సోనిక్స్ మనకి మిగిల్చింది కొన్ని గంటల రికార్డు మాత్రమే. వాళ్లు వాయించిన వందల రాత్రులు ఆ మనుషుల తలల్లోనే ఉన్నాయి, వాళ్లతోనే పోతాయి. బక్ ఆర్మ్స్‌బీ 2016లో పోయాడు. ఆయనకి తెలిసిందంతా ఎవరైనా రాసుకున్నారా అని తలచుకుంటే నాకు మనసు గిలగిలలాడుతుంది.

కుర్ర అభిమానుల సంగతి వేరు, వాళ్లనీ తక్కువ చేయను. వాళ్లు ఆ హాళ్లు చూడలేదు, వాళ్లకి తెలిసింది రికార్డు మాత్రమే. కానీ ప్రతి దరువూ తెలుసు, ఏ అరుపు ఎక్కడ వస్తుందో తెలుసు. 1965లో డ్యాన్స్ చేసినవాళ్లకి పాట వివరాలు అంత గుర్తుండవు, ఊపు గుర్తుంటుంది. వీళ్లకి వివరం తెలుసు, ఊపు తెలియదు. రీయూనియన్ రాత్రి ఈ రెండు రకాల మనుషులూ పక్కపక్కన నిలబడతారు, పెద్దావిడ గెంతడం మొదలుపెడితే కుర్రాడికి అప్పుడు తెలుస్తుంది ఈ పాట కాళ్ల కోసం చేసిందని. అలాంటి పాఠం రికార్డు నేర్పదు. నాకు రీయూనియన్ కచేరీల మీద ఇంత గౌరవం ఎందుకంటే ఇందుకే. అప్పటిలా పాడారా, గొంతు ఒకటేనా, వేగం తగ్గిందా అని కొలిచేవాళ్లు అసలు జరుగుతున్నదాన్ని చూడకుండా వచ్చేస్తున్నారు. అరవై దాటిన గొంతు ఇరవై ఏళ్ల గొంతులా ఉండదు, ఉండనక్కర్లేదు.

అయినా సోనిక్స్ వయసుకి తలొగ్గలేదని చెప్పడానికి ఒక సాక్ష్యం ఉంది. 2015లో కొత్త ఆల్బమ్ చేశారు. డెట్రాయిట్‌లో వైట్ స్ట్రైప్స్ అనే బ్యాండ్‌తో పనిచేసిన జిమ్ డైమండ్ దానికి ప్రొడ్యూసర్. స్టీరియో వద్దని మోనోలో చేశారు. అంటే చప్పుడంతా ఒకే చోటునుంచి, ఒకే ముద్దగా, హాలు చివర నిలబడితే వినిపించినట్టు. లాస్ ఏంజిలిస్‌లో చేసిన ఆ మూడో ఆల్బమ్‌కి ఇది వాళ్లు దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఇచ్చిన జవాబని నేననుకుంటాను.

నాకిచ్చిన టైం అయిపోయింది, ప్రశ్నలుంటే తర్వాత అడగండి. ముందు వాళ్ల మొదటి 45 రికార్డు వేస్తాను, మూడు నిమిషాలు కూడా ఉండదు. వాల్యూమ్ పెంచుతున్నాను, చెవులు నొప్పి పుట్టేవాళ్లు కొంచెం వెనక్కి వెళ్లండి. డ్రమ్స్ వినండి, ఒకే మైకు అని గుర్తుపెట్టుకుని వినండి. కూర్చుని వినే పాట కాదు కాబట్టి ఆ మధ్య రెండు వరసల కుర్చీలు ఎవరైనా పక్కకి జరపండి, ప్లీజ్.